చేతివేగం

ఇరవై ఏళ్లుగా దేవుళ్లకూ దేవతలకూ బట్టలు తొడుగుతున్నాను. వాళ్లలో చెమట కంపు కొట్టని దేవుణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. శివుడి నడుం దగ్గర పులితోలు జారకుండా పిన్నీసు నేనే పెట్టాలి. అమ్మవారి జాకెట్టు పిగిలితే ఒంటిమీదే నేనే కుట్టాలి. అంతా అయ్యి స్టేజీ మెట్ల దాకా పోయాక ఇద్దరికీ ఒంటికి వస్తుంది, కట్టిందంతా మళ్లీ విప్పాలి. కింద కూర్చున్నవాళ్లు వాళ్లకు చేతులెత్తి మొక్కుతారు. నాకు మాత్రం ఎప్పుడూ మొక్కబుద్ధి కాలేదు, నవ్వే వచ్చింది.

జనగామలో రైల్వే గేటు దాటి కొంచెం లోపలికి పోతే, పత్తి విత్తనాల దుకాణం మీద ఒక రేకుల గది ఉంది. మా నృత్య బృందం బట్టలన్నీ అందులోనే. నేను అక్కడ డ్రెస్సుల మనిషిని. పిల్లలు డ్రెస్సులక్క అంటారు, వాళ్ల తల్లులు డ్రెస్సులామె అంటారు. గదిలో ఇనుప బీరువాల నిండా కిరీటాలు, వడ్డాణాలు, భుజకీర్తులు. అన్నీ అట్టముక్కలు, బంగారు కాగితం, గమ్ము. పైన పటారం లోన లొటారం అనే మాటను ఎవరో ఇలాంటి గదిలో నిలబడే కనిపెట్టి ఉంటారు. ఎలుకలకు మాత్రం ఆ కిరీటాలంటే నిజమైన ప్రేమ, ప్రతి వానాకాలం రెండు తినిపోతాయి.

బృందానికి పెద్ద మా మాస్టరు. అరవై దగ్గర పడినా జుట్టు నల్లగా నిగనిగలాడుతుంది. ఎండపూట ప్రోగ్రాం అయితే ఆ నలుపు చెవుల వెనక నుంచి మెడమీదికి కారుతుంది, అది తుడవడం కూడా నా పనే. ఆయన మోకాళ్లు వంగక పదేళ్లయింది. కుర్చీలో కూర్చుని చేతులు తిప్పుతాడు, పిల్లలు ఆడతారు, శాలువా ఆయనకు కప్పుతారు. పిల్లలు తాళం తప్పితే సౌండు బాక్సులు బాగాలేవంటాడు. ఆడలేక మద్దెల ఓడు అనడానికి ఇప్పుడు మద్దెల కూడా లేదు, అంతా పెన్‌డ్రైవే.

మైకు చేతికొస్తే 'విచ్చేసిన కళాభిమానులకు' అంటూ పుస్తకాల భాష మాట్లాడతాడు. తెర వెనక్కి రాగానే 'ఏందే, గింత లేటా' అంటాడు. కోస్తావాళ్లు మన మాటను సినిమాల్లో ఎన్నేళ్లు ఎక్కిరించారో చెప్పి పళ్లు కొరుకుతాడు. ఆ నోటితోనే నా తండా యాసను ఎక్కిరించి పిల్లల్ని నవ్విస్తాడు. పిల్లలతో పాటు నేనూ నవ్వేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే మంట.

పిల్లల తల్లుల సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. ప్రతి తల్లికీ తన కూతురే ముందు వరుసలో ఉండాలి, తన కూతురి కిరీటమే పెద్దదిగా ఉండాలి. మెయిన్ పిల్ల తల్లి వీళ్లందరినీ మించింది. మెయిన్ పిల్ల అంటే ప్రతి ఐటంలోనూ మధ్యలో నిలబడే అమ్మాయి. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది, మనిషి కాస్త బొద్దు, అడుగు మాత్రం శుద్ధం. తల్లి చేతిలో ఫోను ఎప్పుడూ లేచే ఉంటుంది. నేను హుక్కు పెడుతుంటే వీడియో, జడ అల్లుతుంటే వీడియో. నా చెయ్యి అడ్డమొస్తోంది, పక్కకు జరపమంటుంది. చెయ్యి జరిపితే హుక్కు ఎవరు పెడతారో ఆ మహాతల్లికే తెలియాలి.

వీళ్లందరినీ భరించడానికి నాకు ఒక్కటే బలం ఉండేది, నా చేతివేగం. ఒక ఐటం అయిపోయి ఇంకొకటి మొదలయ్యేలోపు యాంకరు రెండు నిమిషాలు మాట్లాడతాడు. ఆ రెండు నిమిషాల్లో పల్లె పిల్ల గుడి నర్తకి అయిపోవాలి. దానికో కిటుకు ఉంది. తర్వాతి ఐటం డ్రెస్సు ముందే లోపల తొడుగుతాను, ఇప్పటి డ్రెస్సు దానిమీద కడతాను. బొందుకు జారుముడి వేస్తాను, హుక్కుల బదులు టిచ్ బటన్లు పెడతాను. పైది ఒక్కసారి లాగితే కిందిది తయారుగా ఉంటుంది. విప్పిన బట్టను మడవకూడదు, నేలమీద పడేసి కాలితో పక్కకు నెట్టాలి. పట్నం నుంచి వచ్చిన డ్రెస్సులవాళ్లు ఐదు నిమిషాలు కిందామీదా పడే పనిని నేను రెండు నిమిషాల్లో తేల్చి, నోట్లో పిన్నీసులతోనే వాళ్లకేసి చూసేదాన్ని. నిదానంగా పనిచేసే మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా యాడి పెళ్లి బట్టను ఈ మనుషుల చేతుల్లోకి తెచ్చింది నేనే. యాడి అంటే మా లంబాడీ మాటలో అమ్మ.

డోర్నకల్ నుంచి మహబూబాబాద్ వచ్చే దారిలో, రైలు కూత వినిపించేంత దూరంలో మా తండా. నాకు సూది పట్టుకోవడం నేర్పింది యాడే. అద్దం బిళ్ల చుట్టూ దారం ఎలా తిప్పితే ఊడకుండా ఉంటుందో ఐదేళ్లకే చూపించింది. మా మాస్టరు దగ్గర మాత్రం 'తండా పెళ్లి' అనే ఐటం ఒకటి ఉంది. దానికి వాడే లంగాలూ జాకెట్లూ మెరుపు గుడ్డవి, వాటిమీద అద్దాలు ప్లాస్టిక్కువి, గమ్ముతో అంటించినవి. పిల్లలు గిర్రున తిరిగితే స్టేజీ మీద రాలేవి, మర్నాడు నేను చీపురుతో ఊడ్చి మళ్లీ అంటించేదాన్ని. నాకు ఆ ఐటం అంటే రోత. నోరు మూసుకుని అంటించానంతే.

ఒకసారి మహబూబాబాద్‌లో ప్రోగ్రాం అయ్యాక ఒక పెద్ద ఆఫీసరమ్మ స్టేజీ మీదికొచ్చి, పెళ్లికూతురి వేషంలో ఉన్న మెయిన్ పిల్ల భుజం తట్టింది. అద్దం ఆమె వేలికి అంటుకుని వచ్చింది. ఆమె దాన్ని వెలుగుకు ఎత్తి చూసింది. ఇదేనా మీ అసలైన కళ, వచ్చే నెల భూపాలపల్లిలో ఈ సర్కస్ గుడ్డలు కనిపించకూడదు అని అందరి ముందూ అంది. మాస్టరు మొహం మాడిన అట్టులా అయింది. నాకు లోపల పండగే. జనగామకు తిరిగొచ్చే వ్యాన్‌లో ఆయన దారిపొడవునా తలపట్టుకుని, ఒరిజినల్ ఎక్కడ దొరుకుతుందని అందరినీ అడిగాడు.

అప్పుడు నా నోరు ఊరుకోలేదు. మా యాడి దగ్గర ఉంది అన్నాను. సాయం చేద్దామని అనలేదు. గమ్ము అద్దాల మీద బతికే ఈ మొహాలకు బట్టంటే ఏమిటో ఒక్కసారి చూపించాలని అన్నాను. తమ్ముడు బొగ్గు గనిలో పనిచేస్తాడు, యాడి వాడి దగ్గర భూపాలపల్లి క్వార్టర్లలోనే ఉంటుంది. మర్నాడే బస్సెక్కాను.

యాడి మంచం కింద నుంచి ఇనుప పెట్టె లాగింది. అడుగున, వేపాకుల మధ్య, పాత దుప్పటిలో ఉంది ఆ పెళ్లి లంగా. మేం ఫేటియా అంటాం. ఎర్ర గుడ్డ, అంచు నిండా గవ్వలు, అరచెయ్యంత చోట కూడా ఖాళీ లేకుండా నిజం అద్దాలు. ఎత్తితే మేకపిల్లంత బరువు. పెళ్లికి ముందు రెండేళ్లు పగలు కూలికి పోయి, వచ్చాక కుట్టుకున్నదట. అది తొడిగింది చాలా తక్కువ సార్లు. బా, అంటే మా నాయన, పోయాక ఇక పెట్టెలో నుంచి తీయలేదు, మామూలు చీరలకు మారిపోయింది.

బా పోయినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మా తండాలో పెళ్లైన ఆడవాళ్లు మోచేతి పైన భుజం దాకా వరసగా తెల్లగాజులు తొడుగుతారు. మొగుడు బతికున్నన్నాళ్లూ అవి తీయరు. ఆ రోజు ముసలి విధవరాళ్లు నలుగురు వచ్చి యాడిని గడప పక్కన కూర్చోబెట్టారు. చేతులకు ఆముదం రాశారు. ఒక్కో గాజును మెల్లగా తిప్పుతూ, మోచేతి ఎముక దగ్గర ఆగి, మళ్లీ నూనె రాసి తీశారు. పొద్దున మొదలుపెడితే ఎండ నడినెత్తికి వచ్చింది. మధ్యలో ఒకామె యాడి గడ్డం పట్టుకుని నీళ్లు తాగించింది. గాజులు పోయిన చోట చర్మం తెల్లగా, పసిపిల్ల చర్మంలా ఉంది. నేను గుంజకు ఆనుకుని చూస్తూ, ఇంతసేపు ఎందుకు, తొందరగా కానియ్యరాదా అనుకున్నాను. చిన్నప్పటి నుంచీ నా బుద్ధి అంతే.

ఫేటియా నా ఒళ్లో పెట్టి యాడి ఒక్కటే అడిగింది. మేం మాట్లాడుకునేది మా భాషలోనే, మీకు తెలుగులో చెబుతున్నాను.

"చేతులు బోడిగ పెట్టి గిది తొడగొద్దు బిడ్డా. గీ బట్ట ఒంటిమీదుంటే చేతుల నిండ గాజులుండాలె. గంతే."

"నా చేతులతోనే తొడుగుత యాడీ. నువ్వు కూడ రా, దగ్గరుండి చూడు," అన్నాను.

"నాకు నీ మీదనే నమ్మకం. గా ఆడేటోళ్ల మీద లేదు," అంది.

ఆమె తలమీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. ఆ బట్ట మళ్లీ వెలుగు చూస్తుందని ఆమెకు సంతోషంగా ఉంది, అది మొహంలో తెలిసింది. చేతులు బోడిగా ఉన్న పెళ్లికూతురంటే మా వాళ్ల కంటికి ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. పెళ్లి పాట పాడుతూ ముండమోసినట్టే.

గాజుల కోసం మహబూబాబాద్ బజారుకు నేనే పోయాను. ఇప్పుడు వచ్చేవి ప్లాస్టిక్కువే అయినా రంగూ మందమూ సరిగా ఉన్నవి ఏరాను. మోచేతి దగ్గర చిన్నవి, పైకి పోయేకొద్దీ పెద్దవి, చేతికి పదకొండు. జనగామలో మెయిన్ పిల్లకు తొడిగి చూశాను. బొద్దు చేతులు కదా, బిగిశాయి, కొబ్బరినూనె రాస్తే ఎక్కాయి. తల్లి ఫోను ఎత్తి, "గివేంది, నీళ్ల పైపుల లెక్క? నా బిడ్డ చేతులు లావుగ కనవడ్తున్నయి," అంది. ఆమె బిడ్డ చేతులు లావుగానే ఉన్నాయని నేను అనలేదు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. మాస్టరు వచ్చి, గాజులు ఒకదానికొకటి తగిలి ముద్రలు కనబడటం లేదని ఇంకో వంక పెట్టాడు. ముద్రలు ఎవడికి కావాలి, పెళ్లికూతురు కదా ఆమె! గాజులు లేకపోతే ఫేటియా లేదు అన్నాను. ఆఫీసరమ్మ గుర్తొచ్చిందేమో, నోరు మూసుకున్నాడు.

చిత్రం ఏమిటంటే, ఆ అమ్మాయే అడిగింది, ఎందుకు తీయకూడదక్కా అని. రోజూ నేను ఎవరినీ పట్టించుకోను, ఆ రోజు ఎందుకో చెప్పాను. బా సంగతీ, నలుగురు ముసలివాళ్ల సంగతీ కూడా చెప్పాను. ఆమె గాజుల మీద వేలితో నిమురుతూ విన్నది. వారం రోజులు ఇంట్లో కూడా అవి తొడుక్కునే సాధన చేసిందట. ఆ తల్లికి పుట్టాల్సిన పిల్ల కాదు.

భూపాలపల్లిలో కార్మికుల కాలనీ గ్రౌండులో స్టేజీ కట్టారు. సాయంత్రం నాలుగింటికి మొదలన్నారు. స్టేజీ పక్కన షామియానా గుడ్డతో చుట్టిన గుడారమే మా డ్రెస్సుల గది. తెల్ల బట్ట ఏదైనా గంటసేపు బయట పెడితే బూడిద రంగుకు తిరిగే ఊరు అది, అందుకని అన్నీ సంచుల్లోనే ఉంచాను. తమ్ముడు యాడిని ఆటోలో దింపి డ్యూటీకి పోయాడు. సోఫాల వెనక కూర్చోబెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గుడారానికీ స్టేజీ మెట్లకూ మధ్య వేశాను. అక్కడి నుంచి స్టేజీ కనిపిస్తుంది, నా పనీ కనిపిస్తుంది. నా పని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎంత వేగంగా చేస్తానో చూడాలని నాకు ఆశ. ఉతికిన చీర కట్టుకుని, చేతులు కొంగులో దాచుకుని కూర్చుంది.

అమ్మాయిని ఆమె ముందే తయారుచేశాను. లోపల గుడి నాట్యం పట్టుబట్ట తొడిగాను, దానిమీద ఫేటియా కట్టాను. చెంపల మీద వేలాడే వెండి గుత్తులను తలమీది గుడ్డకే కుట్టేశాను, గుడ్డ లాగితే అవీ వచ్చేస్తాయి. లోపల దాచడానికీ, ఒక్కసారిగా లాగడానికీ కుదరనివి గాజులు ఒక్కటే. వాటికి యాంకరు మాట్లాడే రెండు నిమిషాలు సరిపోతాయని లెక్క వేసుకున్నాను. తొడగడం అయ్యాక యాడి లేచి, పై గాజును కొంచెం సర్ది, అమ్మాయి చెంపలు రెండు చేతులతో నిమిరి మెటికలు విరిచింది. అమ్మాయి వంగి ఆమె కాళ్లకు మొక్కింది. నా మనసు నిండిపోయింది. ఇరవై ఏళ్లలో నేను తొడిగిన వేషాల్లో వేషం కానిది అదొక్కటే.

ముఖ్య అతిథి ఐదున్నర దాటాక వచ్చాడు. వెంట ఇరవై మంది, ఒక్కొక్కరి చేతిలో ఒక పూలగుత్తి. ఆ గుత్తులు ఇవ్వడం, తీసుకోవడం, ఫోటోకు మళ్లీ ఇవ్వడం. దీపం వెలిగించడానికి అగ్గిపెట్టె ఎవరి దగ్గరా లేదు, దాన్ని వెతకడం. ఆ తర్వాత ఉపన్యాసాలు. కళలను బతికించుకోవాలని ఒకాయన అరగంట చెప్పాడు, ఆ అరగంటలో చిన్న పిల్లలు ఇద్దరు కిరీటాలతోనే నిద్రపోయారు. కళను బతికించే సంగతి దేవుడెరుగు, ఆ పిల్లలకు ఒక్క బిస్కట్టు పొట్లం ఇచ్చినవాడు లేడు.

చివరికి 'తండా పెళ్లి' పిలుపు వచ్చింది. అమ్మాయిని మెట్ల దగ్గర నిలబెట్టి అంచు సర్దుతున్నాను. అప్పుడు మాస్టరు పరిగెత్తుకొచ్చాడు, మెడమీద నలుపు కారుతోంది. సారు పోతడట, గుడి నాట్యం చూడకుండా పోతే శాలువా లేదు ఏమీ లేదు, అందుకని యాంకరు మాటలు తీసేయించాను, రెండు పాటలూ కలిపేయించాను అని గబగబా చెప్పాడు.

"మధ్యల అర నిమిషం గూడ లేదు. గా గాజులు ఇప్పుడే తీసెయ్," అన్నాడు.

ఆ మాట అనేసి చిటిక వేశాడు. ఆ చిటిక నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. అది వినబడితే నా చేతులు కదులుతాయి, బుర్ర తర్వాత వస్తుంది. నూనె సీసా మూత అప్పటికే తీశాను.

"అక్కా, తీయొద్దంటిరి గద," అంది అమ్మాయి. "నేను గాజులతోనే గుడి నాట్యం గూడ చేస్త. ఏంగాదు."

అవును, ఏమవుతుంది? గుడి నర్తకి మోచేతి పైన తెల్లగాజులు ఉంటే ఆకాశం విరిగిపడుతుందా? మాస్టరు అరుస్తాడు. ఆఫీసరమ్మ మళ్లీ ఏదో అంటుంది. ఎవరో డ్రెస్సులామెకు పని రాదంటారు. ఆ క్షణంలో నాకు అడ్డం పడ్డది ఇదే, నాకు పని రాదని ఎవరైనా అనడం.

"చెయ్యి ఇటియ్యి," అన్నాను.

నూనె పోసి లాగాను. మోచేతి దగ్గర పట్టేస్తే మెలితిప్పి లాగాను, అమ్మాయి పెదవి కొరుక్కుంది. చివరి రెండు రాలేదు. పిన్నీసులు వంచడానికీ కత్తిరించడానికీ నా నడుముకు ఎప్పుడూ చిన్న పట్టకారు ఉంటుంది, దానితో కట్ చేశాను. టక్కు, టక్కు. గాజులన్నీ నేలమీద పడ్డాయి, కాలితో పక్కకు నెట్టాను. రెండు చేతులకూ కలిపి నిమిషం కూడా పట్టలేదు. అంత వేగంగా నేను ఎప్పుడూ చేయలేదు. గుడ్డతో నూనె తుడిచి, అమ్మాయి వీపు మీద చెయ్యి వేసి మెట్లెక్కించాను. తల తిప్పి చూస్తే కుర్చీలో యాడి.

ఆమెను మర్చిపోయానంటే నమ్ముతారా? రెండడుగుల దూరంలో ఉన్న తల్లిని మర్చిపోయాను. ఆమె స్టేజీ వైపు చూస్తోంది. నేనూ చూశాను. గ్రౌండులో సోఫాల వెనక నేలమీద చుట్టుపక్కల తండాల నుంచి వచ్చిన ఆడవాళ్లు చాలామంది కూర్చున్నారు. పెళ్లికూతురు పుట్టింటిని తలుచుకుని ఏడ్చే పాట మొదలు కాగానే వాళ్లూ గొంతు కలిపారు. మా యాడి ఫేటియా దీపాల వెలుగులో నిప్పుల కుంపటిలా మెరిసింది. అమ్మాయి రెండు చేతులూ పైకెత్తింది. నేలమీద కూర్చున్నవాళ్ల పాట ఆగిపోయింది. ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్లిపోయింది.

పక్కన మాస్టరు చేతులు నలుపుకుంటూ, "చూసినవా, పబ్లిక్ ఎట్ల లీనమైపోయిన్రో," అన్నాడు. ఆ మనిషి మొహం మీద ఉమ్మేయాలనిపించింది. ఉమ్మలేదు, నోట్లో పిన్నీసులు ఉన్నాయి.

పెళ్లి పాట గుడి పాటలోకి తిరిగింది, అమ్మాయి మెట్లు దిగి వచ్చింది. తలగుడ్డ లాగాను, బొందు లాగాను, ఫేటియా నేలమీద పడింది, అమ్మాయి పట్టుబట్టలో మళ్లీ పైకి పోయింది. తప్పులేదు, వంక లేదు. ఆమె నట్టువాంగం తాళానికి మొదటి అడుగు వేసేసరికి కిందికి చూశాను. ముందు వరుస సోఫాలు ఖాళీగా ఉన్నాయి. ముఖ్య అతిథి పెళ్లి పాట మధ్యలోనే లేచిపోయాడట. కార్లు గ్రౌండు గేటు దాటుతూ దుమ్ము లేపుతున్నాయి. ఎవడి కోసం గాజులు తీశానో వాడు ఆ నాట్యం చూడనే లేదు. మాస్టరు శాలువా కోసం కారు వెనక పరిగెత్తాడని తర్వాత తెలిసింది.

గుడారం దగ్గరికి వచ్చేసరికి యాడి కుర్చీ దిగి నేలమీద కూర్చుని ఉంది. నేను పడేసిన ఫేటియాను ఒళ్లోకి తీసుకుని, గవ్వల్లో ఇరుక్కున్న మట్టి ఊదుతూ మడత పెడుతోంది. గాజులు కూడా ఏరింది. కట్ చేసిన రెండింటినీ విడిగా తుండుగుడ్డ మీద పెట్టింది.

నేను మొదలుపెట్టాను. మాస్టరును తిట్టాను, వాడి జుట్టు రంగును తిట్టాను, వాడి ఏడు తరాలను తిట్టాను. ముఖ్య అతిథిని, ఆఫీసరమ్మను, ఫోనులు ఎత్తే తల్లులను, కళను బతికిస్తామన్న ప్రతి మొహాన్నీ తిట్టాను. తిట్టడం నాకు బాగా వచ్చు, మీరు ఇంతసేపూ విన్నారు కదా. యాడి మడతలు ఆపకుండా అంతా విన్నది. నా దగ్గర మాటలు అయిపోయాక తల ఎత్తింది.

"నా గాజులు తీసిన ముసలోళ్లు గూడ గింత తొందర పడలే బిడ్డా," అంది. "నాకు నడుమల నీళ్లు తాపిచ్చిన్రు."

మూట కట్టుకుని లేచింది. ఆటో దాకా తోడు వస్తానంటే, నీకు పని ఉంది కదా అంది. కోపంగా అనలేదు. మూటను చంకలో పెట్టుకుని గేటు వైపు నడిచింది. లోపల నుంచి చిటిక వినబడింది, చిన్న పిల్లల డ్రెస్సులు విప్పాలి. వాళ్లు నిద్రమత్తులో వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి వీపు వెనక టిచ్ బటన్లు విప్పుతూ పోయాను. కళ్లు కనబడటం లేదు, అయినా చేతులు ఎప్పటిలాగే తొందరగా పనిచేశాయి.